వేరుశనగ చెక్క పెంచాక రోహులు మందగించాయి: లోపం రక్తంలోనా, నీటిలోనా?

ప్రశ్న (చంద్రగిరి)
ఎకరం గుంటలో రోహు, బొచ్చె పెంచుతున్నాను. గానుగలో నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్క దగ్గరలోనే దొరుకుతున్నందున నెల రోజులుగా మేతలో సగానికి పైగా అదే కలిపి, సాయంత్రం ఇస్తున్నాను. మునుపు గుంటలో మేత సంచి కట్టగానే మూగే చేపలు ఇప్పుడు ఎడంగా, మందకొడిగా తిరుగుతున్నాయి. తెల్లవారుజామున కొన్ని పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇంట్లోని చక్కెర పరికరంతో ఒక చేప రక్తం చూస్తే అంకె ఎక్కువగా వచ్చింది. మేత వల్ల చేపలకూ మధుమేహం వస్తుందా?

సమాధానం (చిత్తూరు)
ఆ అంకెను నమ్మకండి. వలలో పెనుగులాడిన చేపకు ఒత్తిడి వల్లనే కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కరిగి రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. పైగా ఆ పరికరం మనిషి రక్తానికి తయారైనది. చేపలు పిండిపదార్థాన్ని నిదానంగా వాడుకుంటాయన్నది నిజమే, కొరమీను వంటి మాంసాహారులైతే మరీ నిదానం. కానీ మీరు పెంచింది మాంసకృత్తులను.

సమాధానం (తిరుపతి)
అసలు సంగతి అక్కడే ఉంది. చెక్కలో సుమారు 40 శాతం మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తులు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలలో పెరుగుదలకు పోగా మిగిలినవాటిని చేప శక్తి కోసం విడగొట్టినప్పుడు వాటిలోని నత్రజని అమ్మోనియాగా మారి, రక్తంలో చేరి, మొప్పల గుండా నీటిలోకి పోతుంది. నీటిలో అప్పటికే అమ్మోనియా పేరుకొని, మధ్యాహ్నపు ఎండకు పీహెచ్ (నీటి క్షారగుణాన్ని చూపే అంకె) కూడా పెరిగితే, రక్తంలోనిది బయటికి పోలేక మెదడును, కండరాలను తాకుతుంది. అప్పుడు ఆకలి, ఈతలో చురుకు రెండూ తగ్గుతాయి. నోళ్లు తెరవడం వేరే లెక్క. మేత అరిగేటప్పుడు చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, మీ సాయంత్రపు మేత అరిగేది సరిగ్గా నీటిలో అది తగ్గిపోయే రాత్రివేళ. కాబట్టి రక్తం తీయడం మాని, మధ్యాహ్నం అమ్మోనియా, పీహెచ్‌లను, తెల్లవారుజామున ప్రాణవాయువును కొలిపించండి; చెక్క తగ్గించి, పొద్దెక్కిన తరువాత మేత ఇవ్వండి.

సమాధానం (చిత్తూరు)
ఒక మాట మరిచాను. చెక్క చెమ్మ తగిలి బూజు పట్టిందేమో చూడండి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గ్లూకోజ్‌ను, అమైనో ఆమ్లాలను సర్దవలసినది ఆ కాలేయమే.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే కొట్టంలో చూశాను. అడుగు వరుసలోని రెండు బస్తాలకు పచ్చని బూజు ఉంది, వాటిని పక్కన పెట్టాను. రేపు తెల్లవారుజామున నీటి నమూనా తీస్తాను.