నాన్నగారి సీఆర్‌పీ 8.4: స్టెంటు మళ్లీ మూసుకుపోతుందా?

ప్రశ్న (రాయగడ నుంచి):
నమస్కారమండీ. మా నాన్నగారికి 62 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే విశాఖ తీసుకెళ్లి స్టెంటు వేయించాం. మొన్న ఇక్కడ రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపును తెలిపే పరీక్ష) 8.4 వచ్చింది. అది స్టెంటు పూడిపోయే సూచన అని ల్యాబులో కుర్రాడు అన్నాడట. అమ్మ మజ్జిగౌరమ్మకు మొక్కుకుని, నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు. బండెక్కి విశాఖ వెళ్లిపోవాలా? కిడ్నీల పరీక్ష క్రియాటినిన్ 1.0, చెడు కొలెస్టరాల్ ఎల్‌డీఎల్ 92. అవి బాగానే ఉన్నట్టున్నాయి.

జవాబు:
ముందు అమ్మగారిని భోజనం చేయమనండి. నాన్నగారికి ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు ఉంటే మాత్రం విశాఖ దాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోతే కంగారు వద్దు. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రోటీను. ఒంట్లో ఎక్కడ వాపున్నా పెరుగుతుంది, ఎక్కడన్నది చెప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అనే లెక్క జలుబూ పుండూ లేనప్పటిది. స్టెంటు వేసుకున్నవారిలో అది ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే మళ్లీ గుండెపోటు వచ్చే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ స్టెంటు లోపల ఏం జరుగుతోందో ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. జ్వరం, కీళ్ల వాపు, పంటి నొప్పి ఏమైనా ఉన్నాయా?

ప్రశ్న:
చిగురు వాచి పది రోజులైంది. పన్ను తీయాలి, రక్తం పలచబరిచే మాత్రలు ఐదు రోజులు ఆపి రమ్మన్నారు. రేపటి నుంచి ఆపుతున్నాం.

జవాబు:
మీ అంతట మీరు ఆపకండి! 8.4 కన్నా ఈ మాటకే నాకు భయం వేసింది. గుండెపోటుకు స్టెంటు వేశాక ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలర్ గానీ సాధారణంగా ఏడాది వాడిస్తారు. నడుమ మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు. ఒక్క పన్ను తీయడానికి చాలామందికి ఆపాల్సిన పని ఉండదు, దూది అదిమిపెట్టో కుట్టు వేసో రక్తం ఆపుతారు. స్టెంటు వేసిన డాక్టరుకు ఈ రోజే ఫోను చేయండి. డిశ్చార్జి కాగితం పంటి డాక్టరు ముందు పెట్టండి. చిగురు నయమైన రెండు మూడు వారాలకు సీఆర్‌పీ మళ్లీ చూడవచ్చు.

మీరు బాగానే ఉందన్న 92 మాత్రం బాగాలేదు. స్టెంటు పడినవారికి ఎల్‌డీఎల్ 55 లోపుండాలంటారు. కొలెస్టరాల్ మాత్ర రోజూ వేసుకుంటున్నారా?

ప్రశ్న:
కాళ్లు లాగుతున్నాయని వారానికి మూడే వేసుకుంటున్నారట. అమ్మ ఇప్పుడే చెప్పింది.

జవాబు:
ఫోనులో ఆ సంగతీ చెప్పండి. మందు మార్చవచ్చు, లేదా మోతాదు తగ్గించి ఎజెటిమైబ్ అనే మరో కొలెస్టరాల్ మందు కలపవచ్చు.