‘సిన్‌సిన్‌వార్ గోత్రం’ అని రాస్తే తప్పవుతుందా?

ప్రశ్న: భరత్‌పుర్ జాట్ రాజుల మీద ఒక హిందీ వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘సిన్‌సిన్‌వార్ గోత్ర కే జాట్’ అని ఉంది. ‘సిన్‌సిన్‌వార్ గోత్రీకులు’ అని రాసేశాను గానీ మనసుకు నచ్చలేదు. ఆ పేరుతో ఋషి ఎవరైనా ఉన్నారా?

మొదటి జవాబు: ఋషి లేడండీ, ఊరుంది. రాజస్థాన్‌లో డీగ్, కుమ్హేర్ దగ్గరి సిన్‌సినీ. 2023 దాకా భరత్‌పుర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు డీగ్ జిల్లా. 1688లో సికంద్రాలో అక్బర్ సమాధిని కొల్లగొట్టిన రాజారామ్ ఈ ఊరివాడే. తర్వాత చూడామన్, బదన్ సింగ్, సూరజ్‌మల్ అందరూ ఆ గోత్‌వాళ్లే (‘గోత్ర’కు అక్కడి వాడుక మాట ‘గోత్’). 1805లో బ్రిటిష్ సేనాని లేక్ నాలుగుసార్లు దాడి చేసినా లొంగని లోహాగఢ్ కోట సూరజ్‌మల్ కట్టించిందే.

ఊరిపేరు కుటుంబం పేరు కావడం మనకు కొత్తేమీ కాదు. గుంటూరు ‘గుంటూరి’ అవుతుంది, ఏలూరు ‘ఏలూరి’ అవుతుంది. మనం ఔపవిభక్తికంతో, అంటే చివర ‘రు’ను ‘రి’ చేసి, పని కానిచ్చేస్తే, వాళ్లు ‘వార్’, ‘వాల్’ తగిలిస్తారు. పాలీ నుంచి పాలీవాల్, ఖండేలా నుంచి ఖండేల్‌వాల్ వచ్చినట్టే ఇదీను. కాబట్టి ‘ఇంటిపేరు’ అనేయండి.

రెండో జవాబు: ‘గుంటూరివారు’ అన్నట్టే ‘సిన్‌సిన్‌వారు’! మన ‘వారు’ అక్కడిదాకా వెళ్లిందా ఏమిటి?

మొదటి జవాబు ఇచ్చినవారు: లేదండీ. మన ‘వారు’ ‘వాడు’కు బహువచనం. వాళ్ల ‘వార్’ ఒక్కమనిషికీ చెల్లుతుంది. చెవికి ఒకేలా వినబడటం తప్ప చుట్టరికం లేదు.

మూడో జవాబు: ‘ఇంటిపేరు’తో నాకు పేచీ ఉంది. పేరు పుట్టిన తీరు వరకు సరే. కానీ గోత్ అసలు పని పెళ్లి దగ్గర. సంప్రదాయం పాటించే జాట్ కుటుంబం సంబంధం చూసేటప్పుడు తండ్రి గోత్‌తో పాటు తల్లి గోత్ కూడా వదులుకుంటుంది. చాలాచోట్ల నాయనమ్మ గోత్ కూడా. ఒకే ఊళ్లో పుట్టిన పిల్లలు అన్నాచెల్లెళ్ల లెక్క. మనకేమో మేనమామ కూతురు వరసైన పిల్ల! మన మేనరికం మాట వాళ్ల పెద్దల ముందు ఎత్తితే కళ్లు తేలేస్తారు.

ఇంకో తేడా. మన అమ్మాయికి పెళ్లయ్యాక ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారతాయి, పుట్టింటి పేరు మాటల్లో మిగులుతుంది. అక్కడ కోడలి పుట్టింటి గోత్ మరిచిపోతే లెక్కే తప్పుతుంది, ఎందుకంటే రేపు ఆమె పిల్లలకు ఆ గోత్ నిషిద్ధం. సూరజ్‌మల్ రాణి కిశోరి హోడల్ ఊరి సోరోత్ గోత్ ఆడపడుచు అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

చట్టం సంగతి వేరు. 1955 హిందూ వివాహ చట్టం సగోత్రాన్ని నిషేధించలేదు. ఖాప్ (కొన్ని ఊళ్లు కలిసిన కుల పంచాయతీ) పెద్దలు దాన్ని మార్చమని అడిగింది అందుకే.

నాలుగో జవాబు: ఖాప్ అన్నారు కనుక ఒక్క మాట. అక్కడ ఊళ్ల గుంపులకు అంకెలే పేర్లు. మేహమ్ చౌబీసీ అంటే 24 ఊళ్లు, చౌరాసీ అంటే 84. మన శాసనాల్లో ‘రేనాడు ఏడువేలు’ లేదూ, ఆ పద్ధతే. లెక్కపెట్టి చూస్తే ఊళ్లు సరిగ్గా అన్నే ఉండాలని లేదు లెండి.

ప్రశ్న అడిగినవారు: పోనీ, ‘గోత్ర’కు ‘వంశం’ అని రాస్తే? వ్యాసంలో వీళ్లు యదువంశీయులమని చెప్పుకుంటారని కూడా ఉంది. ‘యాదవ జాట్లు’ అనొచ్చా?

మూడో జవాబు ఇచ్చినవారు: అమ్మో, వద్దు. తెలుగులో ‘యాదవ’ అనగానే గొల్లవారు గుర్తొస్తారు, పాఠకుడు దారి తప్పుతాడు. బయానా ప్రాంతపు యాదవ రాజుల శాఖ నుంచి, అంటే కృష్ణుడి వంశం నుంచి దిగామన్నది రాజకుటుంబం చెప్పుకునే కథ. రాజ్యం చేతికొచ్చాక పురాణంలో వేరు వెతుక్కోవడం మన కాకతీయుల దగ్గర్నుంచీ చూస్తున్నదే, వాళ్లనూ కొన్ని శాసనాలు సూర్యవంశంలో చేర్చాయి. అందుకని ‘యదువంశం వారమని చెప్పుకుంటారు’ అనండి, ‘యదువంశం వారు’ అని తేల్చేయకండి. ఇక ‘వంశం’ అంటే రాజుల వరస ఒక్కటే అనుకుంటారు. నాగలి పట్టిన సిన్‌సిన్‌వార్లూ ఆ గోత్‌వాళ్లే కదా.

మొదటి జవాబు ఇచ్చినవారు: ఒప్పుకున్నాను. ‘గోత్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్పేయడం మేలు. రెండోసారి నుంచి పాఠకుడే అలవాటు పడతాడు.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: ‘1722లో ఆమేర్ (తర్వాతి జైపూర్) రాజు జైసింగ్ అండతో పైకొచ్చిన బదన్ సింగ్ సిన్‌సిన్‌వార్ గోత్‌వాడు. సిన్‌సినీ ఊరిపేరుతో ఏర్పడిన ఈ గోత్‌లో పుట్టినవాళ్లు తమలో తాము పెళ్లి చేసుకోరు.’ ‘గోత్’కు ‘ర’ వత్తు మాత్రం ఇవ్వలేదు, ఇస్తే మళ్లీ భరద్వాజుడే గుర్తొస్తాడు.