ఆరో తరగతికి హన్మకొండల కొత్తగ ఆలోచించనిచ్చే బడి ఉన్నదా?

వడ్డేపల్లి_నాన్న: మా బిడ్డ జూన్ల ఆరుకు వస్తది. ఏడాదికోసారి సైన్స్ ఫెయిర్ పెట్టి ఫొటోలు దిగే బడి వద్దు, ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుడు బిగించుడు నడిచే బడి కావాలె. ఒక దాంట్ల అటల్ ల్యాబ్, అదే పిల్లలు సొంతంగ వస్తువులు చేసి చూసే ల్యాబ్, ఉందన్నరు, చూపెట్టుమంటే తాళంచెవి ఇన్‌ఛార్జి సార్ దగ్గరుందట, ఆ సార్ లీవట.

కాజీపేట_టెకీ: త్రీడీ ప్రింటర్ ఉందా అడుగు అన్నా ముందు.

లెక్కల_సార్: ప్రింటర్‌తోని ఏమైతది తమ్మీ. ఆ ల్యాబులకు నీతి ఆయోగ్ 20 లక్షల దాకా ఇస్తది, 10 సామానుకు, 10 ఐదేండ్లు నడపనీకి. పైసలొస్తయి, టైంటేబుల్ల పీరియడ్ ఎవరిస్తరు? పిల్లల ల్యాబ్ నోటుబుక్కు అడుగున్రి. ఫెయిలైన ప్రయోగం ఒక్కటన్న రాసి ఉంటే కండ్లు మూసుకొని చేర్పియ్యున్రి.

వడ్డేపల్లి_నాన్న: మీది సర్కారు బడి కదా సార్, మీ దగ్గర ల్యాబ్ ఉన్నదా?

లెక్కల_సార్: లేదు. అయినా మా ఎనిమిదో తరగతి పిల్లకు ఇన్‌స్పైర్ మానక్ల, అదే పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం పైసలిచ్చే స్కీముల, 10 వేలు వచ్చినయి. వాళ్లమ్మ పత్తి ఏరంగ ఒడి బరువుకు నడుం గుంజుతుందని, బరువు భుజాల మీద పడేటట్టు పట్టీలు కుట్టింది. మీ ప్రైవేటుల ఏడాది నడుమ బడి వాళ్లే పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల ప్రాజెక్టు 5 మార్కులకు తండ్రులే జిరాక్స్ షాపుల కొనుక్కొస్తరు.

కాజీపేట_టెకీ: అంటే త్రీడీ ప్రింటర్ వేస్ట్ అంటరా?

జనగామ_అక్క: చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే బడి బంద్ చేసిండు. చీర నేసే ముందు చేత్తోని దారం ఆసు పోసీ పోసీ అమ్మకు రెక్కలు నొస్తుంటే చూడలేక, ఆ పని చేసే ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఏ ల్యాబుల నేర్చుకున్నడు?

వడ్డేపల్లి_నాన్న: అయితే మీ పిల్లలను మాన్పియ్యి అక్కా.

లెక్కల_సార్: అసలు ముచ్చట నేను చెప్త. సర్కారు నౌకరి రాకముందు నేను ప్రైవేటులనే చెప్పిన, వారానికో పీరియడ్ పాత మోటార్లు విప్పిచ్చేది. ఐఐటీ ఫౌండేషన్ క్లాసు పోతుందని తండ్రులొచ్చి లొల్లి చేసిన్రు, మేనేజ్‌మెంట్ నన్ను తీసేసింది. అసొంటి బడులు లేక కాదు, మీరు నడవనియ్యరు!

వడ్డేపల్లి_నాన్న: ఆ తండ్రులల్ల నేనున్నా అదే అడుగుదును. ఫీజు అప్పు తెచ్చి కడుతున్న సార్, బిడ్డ తప్పులు చేసుకుంట నేర్చుకోవాలె, ర్యాంకు మాత్రం పోవద్దు. మీకు ఫస్టుకు జీతం పడతది. మీ పిల్లలు ఏ బడిల చదివిన్రో చెప్పున్రి జర.

జనగామ_అక్క: అగో.

లెక్కల_సార్: నా పిల్లల ముచ్చట ఇక్కడెందుకు. ఫౌండేషన్ లేని సెక్షన్ అడుగున్రి, కొన్నిట్ల ఉంటది. మార్కులు తగ్గితే ఏడాది దాకా గొడవ చెయ్యనని రాసిస్తరా?

వడ్డేపల్లి_నాన్న: ఏడాదంటే కష్టం సార్. దసరా దాకా అయితే చూస్త.