అప్‌డేట్: మామ బావి మోటారు నీళ్లు ఎత్తింది

చిత్తూరు దగ్గర మా మామ బావిలో నీళ్లు 40 అడుగుల లోతుకు పోయాయి, గట్టు మీది మోటారు ఎంత తిరిగినా చుక్క రావడం లేదు, హార్స్‌పవర్ పెంచితే వస్తాయా అని అడిగాను కదా. పెంచినా రావట. ఫుట్‌వాల్వ్ (పైపు అడుగున, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే మూత) లీకేజీ అన్నారు కొందరు. అదీ కాదు, బిందెతో పోసిన నీళ్లు పైపులో అలాగే నిలిచాయి.

కింది నుంచి నీళ్లు పీల్చేటప్పుడు మోటారు చేసేది పైపులో గాలి ఒత్తిడి తగ్గించడమే. నీళ్లను పైకి నెట్టేది బావి నీటి మీద పడే గాలి బరువు. లోపల పూర్తి శూన్యం చేసినా, సముద్రమట్టం దగ్గర అది ఎత్తగలిగేది 10.3 మీటర్లు, అంటే 34 అడుగులే. ఆచరణలో 25 దాటితే కష్టం. 1640ల్లో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి పైన మూసిన గాజు గొట్టంలో, నీళ్లకు బదులు వాటికన్నా ఎంతో బరువైన పాదరసం వాడితే 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. పైన మిగిలింది ఖాళీ. శూన్యం ఉండదన్న అరిస్టాటిల్ మాట అక్కడ చెల్లలేదు! 1648లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ వాళ్ల బావ అలాంటి గొట్టంతో కొండెక్కితే, పైకి పోయేకొద్దీ గాలి బరువు తగ్గి పాదరసం ఇంకా దిగింది. మన తిరుమల ఎక్కినా దిగాల్సిందే.

చివరికి మెకానిక్ మోటారును బావి లోపలి రాతి మెట్టు మీదికి, నీటికి 15 అడుగుల ఎత్తుకు దించాడు. అక్కడి నుంచి గట్టు మీదికి నీళ్లను మోటారే నెడుతుంది, దానికి ఆ 34 అడుగుల హద్దు లేదు. పైపు కాసేపు బురద కక్కి, తర్వాత తేట నీళ్లు పోసింది. వానలకు నీళ్లు పైకొస్తే మోటారు మునుగుతుంది, గొలుసు కప్పీ సిద్ధంగా పెట్టుకోమన్నాడు.