అప్‌డేట్: ఫోన్ చూసే సమయం తగ్గించుకోవడం, నెల రోజుల తర్వాత

రోజుకు ఆరు గంటలకు పైగా ఫోన్‌లోనే గడిచిపోతోందని, దాన్ని తగ్గించుకునే మార్గం చెప్పమని నెల క్రితం అడిగాను. నిన్నటి లెక్క 2 గంటల 40 నిమిషాలు.

మీలో ఎక్కువ మంది, 2018 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వస్తున్న డిజిటల్ వెల్‌బీయింగ్ అనే సదుపాయంలో యాప్ టైమర్ (ఒక యాప్‌ను రోజుకు ఎంతసేపు వాడొచ్చో పెట్టుకునే హద్దు) పెట్టుకోమన్నారు. రీల్స్ చూసే యాప్‌కు 30 నిమిషాలు పెట్టాను. ఆ గడువు అర్ధరాత్రి దాటగానే మళ్లీ మొదటికి వస్తుందన్న సంగతి రెండో రోజే కనిపెట్టి, 11:50 నుంచి గడియారం చూస్తూ మేలుకుని కూర్చున్న ఘనుణ్ణి నేను. పైగా టైమర్‌ను తీసేయడానికి రెండు మూడు నొక్కులు చాలు కాబట్టి, మనసు గట్టిగా లేనివాడికి అది తాళం వేసి చెవి దానికే వదిలేసినట్టు ఉంటుంది.

నిజంగా పనిచేసినది, ఛార్జర్‌ను పడకగదిలోంచి తీసి వంటింట్లో ఫ్రిజ్ పక్కనున్న ప్లగ్గుకు మార్చమన్న సలహా. అలారం కోసం ఫోన్ దగ్గరుండాలన్న నా సాకు, బజారులో కొన్న చిన్న టేబుల్ గడియారంతో తీరిపోయింది. మొదటి నాలుగు రాత్రులు చెయ్యి దానంతటదే దిండు కింద తడుముకునేది. ఇప్పుడు పదిన్నరకే నిద్ర పడుతోంది, ఉదయం కాఫీ చల్లారకముందే తాగుతున్నాను.

తెరను నలుపు తెలుపు చేసుకోమన్న సలహాను మాత్రం, యూపీఐ చెల్లింపు పూర్తయిన పచ్చగుర్తు, విఫలమైన ఎర్రగుర్తు ఒకేలా కనిపించి కూరగాయల దుకాణంలో రెండుసార్లు తికమకపడ్డాక వదిలేశాను.

బంధువుల వాట్సాప్ గ్రూపు నోటిఫికేషన్లు కూడా ఆపేశాను. గుడ్ మార్నింగ్‌లకు జవాబు రావడం లేదేమని పెద్దమ్మ మా అమ్మకు ఫోన్ చేసి అడిగారట.