అప్‌డేట్: మధ్యాహ్నానికి వదులైపోయే జైపూర్ కాలు, కారణం తెలిసింది

మోకాలి కింద పెట్టిన జైపూర్ కాలు (కృత్రిమ కాలు) పొద్దున బిగుతుగా ఉండి, మధ్యాహ్నానికి వదులై స్టంప్ (కాలు తీసేశాక మిగిలిన భాగం) చివర నొప్పి పుడుతోందని మా బాబాయి గురించి అడిగాను. కొత్తది చేయించాలా అన్నది ప్రశ్న. అక్కర్లేదు.

పరీక్ష తేలిక. పిల్లలు ఆడుకునే బంకమట్టిని గోలీ అంత ఉండ చేసి సాకెట్ (కృత్రిమ కాలిలో స్టంప్ దూర్చే గిన్నె లాంటి భాగం) అడుగున వేయాలి. కాలు తొడిగి నాలుగడుగులు నడిపించి తీస్తే, ఉండ అప్పడంలా అణిగిపోయింది. అంటే మోకాలిచిప్ప కింది స్నాయువు మోయాల్సిన బరువు స్టంప్ చివరి ఎముక మీద పడుతోంది. నడిచేకొద్దీ స్టంప్ కాస్త చిక్కుతుంది, హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టంతో చేసిన సాకెట్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే స్టంప్ సాకెట్ లోపలికి దిగిపోతోంది.

ఇప్పుడు స్టంప్‌కు పొద్దున ఒక సాక్స్, మధ్యాహ్నం దాని మీద ఇంకో పలచటిది. ఒకేసారి మందంగా వేస్తే స్టంప్ పైకి లేచి, బరువు తప్పుచోట పడుతుంది. ఒక్క మడత మిగిలినా పుండే. చెన్నై ఉక్కకు సాక్స్ ఇట్టే తడుస్తుంది, పొడిది చేతిలో ఉండాలి.

కాలు తీశాక ఎరుపు 10-15 నిమిషాల్లో పోవాలి. పోకపోతే కాలు చేసిన చోటికే వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, రోజూ అద్దం పెట్టి చూడాల్సిందే. సాకెట్‌ను ఇంట్లో వేడిచేసి సరిచేయొద్దు, దయచేసి. స్టంప్ అచ్చు లేకుండా ఆకారం నిలవదు.

సాక్స్ మీద సాక్స్ వేసినా ఆగకపోతే అప్పుడు కొత్త సాకెట్. పిక్క భాగం కూడా అదే గొట్టంతో చేస్తారు కాబట్టి రెండూ మారతాయి. రబ్బరు పాదం పగలకుండా ఉంటే దాన్నే మళ్లీ బిగించమని అడగండి.