అప్‌డేట్: బీమ్ మచ్చ ఎందుకు పెద్దదవుతోందో దొరికింది

ప్రయోగాల శాంపిళ్లు పెట్టే యూజర్ల టేబుల్ దగ్గర మా 200 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్‌వోల్ట్, శక్తి కొలమానం) ఎలక్ట్రాన్ బీమ్ సైజు సిమ్యులేషన్‌లో 0.5 మి.మీ. ఉంటే, స్క్రీన్ మీద 2 మి.మీ. దాకా వస్తోందని అడిగాను కదా. క్వాడ్రుపోల్స్ (బీమ్‌ని ఫోకస్ చేసే అయస్కాంతాలు) జోలికి పోకముందే గాలి లెక్క చూడమన్నవారికి చాలా చాలా థాంక్స్.

నా సిమ్యులేషన్ మోడల్ వాక్యూమ్ విండో (బీమ్ పైపు చివర వాక్యూమ్‌ని మూసి ఉంచే పల్చటి పొర) దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత మీటరు గాలి ఉంది. గాలి రేడియేషన్ లెంగ్త్ (ఎలక్ట్రాన్ శక్తిలో ఎక్కువ భాగం పోయే దూరం) సుమారు 304 మీటర్లు, ఒక్క మీటరుతో ఏమవుతుందిలే అనుకున్నాను. కానీ ఆ గాలిలో ఎలక్ట్రాన్లు దాదాపు 3 మిల్లీరేడియన్ల కోణంలో చెదిరిపోతున్నాయి. టేబుల్ చేరేసరికి అదొక్కటే సుమారు 1.8 మి.మీ.!

పైపు పొడిగించి, 50 మైక్రాన్ల కాప్టన్ (ఒక రకం ప్లాస్టిక్ ఫిల్మ్) విండోని టేబుల్‌కి 30 సెం.మీ. దూరానికి తెచ్చాం. ఇప్పుడు 0.6 మి.మీ. వస్తోంది. ఎంత సంతోషంగా ఉందో! శాంపిళ్లు మార్చడానికి మాత్రం ఆ జాగా ఇరుకైంది, అది ఇంకా తేల్చాలి.